దైవాధీనం గారి వీపు

నమోదు 301
గాలి సముద్రం మీంచి. మంచు నిలవదు. అక్క ఆఖరి చుట్టు వాయిదా.

మా ఇంట్లో వాళ్ల లెక్కలో నేను గుండె లేని మనిషిని. అక్క పోయిన రోజు ఈ పేరు ఖాయమైంది.

జరిగింది ఇది. అక్కని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. పడుకోదు. భుజాలు ఆనిస్తే మోకాళ్లు లేస్తాయి, మోకాళ్లు అదిమితే తల లేస్తుంది. సముద్రపు కట్ట మీద పనిచేసి పోయిన వాళ్లందరి విషయంలోనూ వచ్చే ఇబ్బందే ఇది. చివరికి బావ ఇంకో ఇద్దర్ని పిలిచి, రొమ్ము మీదుగా ఒక తుండు, మోకాళ్ల మీదుగా ఒక తుండు వేసి బల్లకి బిగించి కట్టాడు. ఆమె ఒంట్లో ఎక్కడో చిన్న చప్పుడయింది. నేను బయటికి వచ్చేశాను.

"డ్యూటీ టైమయినట్టుంది" అన్నాడు బావ.

"దానికి మనుషులంటే వెలుగు చుక్కలు. ఒకటి ఆరిపోతే ఇంకోటి పెట్టుకుంటది" అంది అమ్మ. నాకు వినపడాలనే అంది.

నేను ఏడవలేదన్నది నిజం. నేను పనిచేసే మంచు లోగిలికి వచ్చి అద్దాలు తుడిచానన్నదీ నిజం. మెరకపాలెంలో ఒక మనిషి ఒంటరిగా తలుపేసుకుని కూర్చోగలిగిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. ఉప్పు పట్టిన అద్దం తుడిచేటప్పుడు చెయ్యి వణకకూడదు. వణకకుండా ఉండాలంటే మనసంతా వేలి కొసకి తెచ్చుకోవాలి. ఆ రోజు నాకు కావలసింది అదే. ఇది అమ్మకి చెప్పొచ్చు. చెబితే, "చూశారా, ఇప్పుడు కూడా అద్దాల గురించే" అంటుంది.

కట్ట అవతల నీళ్లకి ఇచ్చేశారు అక్కని. కాల్చడానికి పుల్లలు, పూడ్చడానికి నేల ఉన్న రోజుల్లో ఏం చేసేవారో పెద్దవాళ్లు చెబుతారు. మాకు మిగిలింది పోయిన మనిషి వెలుగు బొమ్మ చుట్టూ తిరిగే ఆఖరి చుట్టు. అది నా డ్యూటీ.

నమోదు 302
గాలి అలాగే ఉంది. రెండో లేజర్ వేడెక్కుతోంది. విసనకర్ర పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. ఫిజిక్సు డిగ్రీ ఇందుకు పనికొచ్చింది.

అమ్మ వచ్చింది. నేను ఇక్కడ చేరాక ఆమె రావడం ఇదే మొదలు. "మా చిన్నది దీపాలు పెడుతుంది" అని నలుగురికీ చెప్పుకుంటుంది కాబట్టి, దీపాలు ఎక్కడున్నాయా అని కప్పు వైపు చూసింది. కనబడలేదు.

"నీలం చీర కట్టించు. జరీ అంచుది. జడ ముందుకి వెయ్యి. ముక్కుపుడక మెరవాల. కాస్త నవ్వు మొహం పెట్టు" అంది.

"అన్నిటికీ చుక్కలు చాలవమ్మా."

"ఊళ్లో అందరికీ చాలినయ్యి. మీ అక్కకాడికి వచ్చేసరికి చాలవా?"

ఆమెకి నేను విడమరిచి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తాను.

లోగిలి చుట్టూ ఆరు లేజర్లు. ఒక్కొక్క దాని ముందు గోరంత అద్దాలు రెండు. అవి ఊగితే కిరణం ఊగుతుంది. ఉత్త గాల్లో కిరణం కనబడదు, అందుకని పొగమంచు చిమ్మే పంపు. మంచులో కిరణాలు కలిసిన చోట ఒక చుక్క. దాని తర్వాత ఇంకో చుక్క. మనిషంతా పూర్తయ్యాక మళ్లీ మొదటి చుక్క. కన్ను మోసపోయేంత వేగంగా ఇది తిరిగితే అక్కడ ఒక మనిషి నిలబడతాడు. చుక్కలు ఎక్కువైతే అద్దాలు చుట్టి రావడం ఆలస్యమవుతుంది. కన్ను మోసపోదు. మనిషి వణుకుతాడు. జరీ అంచు కావాలంటే ముఖం వణుకుతుంది, ముఖం నిలవాలంటే అంచు వదులుకోవాలి.

ఇంకొక చిక్కు. వెలుగుకి వెలుగు అడ్డం రాదు. బొమ్మకి ఎదురుగా నిలబడితే ముఖంలోంచి వీపు కనబడుతుంది. కూతురి కళ్ల మధ్య వెన్నెముక కనబడితే ఏ తల్లి ఊరుకుంటుంది? అందుకని వీపుని పలచగా నాలుగు గీతల్లో తేల్చేస్తాం. నాలుగు గీతలే అయినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క వీపు దేనికని, అందరికీ ఒకటే వాడతాం.

ఆ వీపు దైవాధీనం గారిది.

నమోదు 303
దైవాధీనం గారు మంచు లోగిలికి పెద్ద. లోగిలి కట్టిన కొత్తలో, కొలిచే కెమెరా సరిగా ఉందో లేదో చూడటానికి మధ్యలో ఎవరో ఒకరు నిలబడాల్సి వస్తే ఆయన నిలబడ్డారు. అప్పుడాయనకి పాతికేళ్లు, కుస్తీలు పట్టేవారట. ఆ కొలత అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి ఊళ్లో పోయిన ముసలమ్మలూ, బాలింతలూ, కట్ట కూలీలూ, కట్ట మేస్త్రీలూ వెనక నుంచి చూస్తే పాతికేళ్ల దైవాధీనమే. ఆడవాళ్లయితే పైన ఒక జడ గీస్తాం.

"అప్పట్లో నా వీపు బాగుండేదమ్మాయ్" అంటారాయన టీ ఊదుకుంటూ. "మా ఆవిడ ఎవరిదో చుట్టుకెళ్లొచ్చి, ఆయన్ని వెనక నుంచి ఎక్కడో చూసినట్టుందండీ అంది. నేను మాట్లాడలేదు."

నేనూ నవ్వేదాన్ని. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఈ జోకు ఇంటికి కూడా తీసుకెళ్లాను. అక్క పడీ పడీ నవ్వింది. "అయితే నేను పోయాక కుస్తీ పట్టొచ్చన్న మాట" అంది.

అయితే వీపు దగ్గరే చుట్టులో అసలు పని ఉంది. కట్ట మీద మట్టి మోసే వాళ్లకి ఇనప తొడుగు ఉంటుంది, భుజాల మీంచి తుంటి దాకా. చిన్న మోటారు. ముగ్గురి బరువు ఒక్కరు మోస్తారు. దాని గొళ్లెం వీపు మీద ఉంటుంది, వేసుకున్న వాళ్ల చేతికి అందదు. పని మధ్యలో ఎవరికి వాళ్లు విప్పుకుని కూర్చోకుండా కట్ట కమిటీ అలా చేయించింది. సాయంత్రం గేటు దగ్గర ఒకరి గొళ్లెం ఒకరు తీస్తారు. తీసి, "దించుకో" అంటారు. పోయిన వాళ్లకీ అదే మర్యాద. చుట్టుకి వచ్చిన ఇంటి మనిషి బొమ్మ ముందు ఆగి, పక్కగా తిరిగి వెనక్కి వెళ్లి, గొళ్లెం ఉండే చోట వెలుగులో చెయ్యి పెట్టి "దించుకో" అనాలి. అంటే పోయిన మనిషి బరువు దిగినట్టు.

అక్క గొళ్లెం రోజూ నేనే తీసేదాన్ని. లోగిలి నుంచి ఇంటికి వెళ్లే దారిలోనే గేటు. "రా డిగ్రీ, తాళం తియ్" అనేది, తల ఎత్తకుండానే, నా చెప్పుల్ని గుర్తుపట్టి. తొడుగుకి ఒకటే కొలత. అక్క పొట్టి మనిషి. పట్టీ జారి, బరువంతా వీపు మధ్య ఒక్క ఎముక మీద కూర్చునేది. మొదట్లో గొళ్లెం నా గుండెల ఎత్తులో ఉండేది. అక్క వంగిపోయిన కొద్దీ ఏటేటా దిగింది. చివరికి మోచేతి ఎత్తుకి వచ్చింది. ఇక ఊపిరితిత్తులకి చోటు లేకపోయింది. జ్వరం అని అందరికీ చెప్పారు. జ్వరమేం కాదు.

దైవాధీనం గారి వీపులో గొళ్లెం చోటు నా గడ్డం ఎత్తులో ఉంటుంది. అక్కడ ఎప్పుడూ అక్క లేదు. నేను అక్కడ చెయ్యి పెట్టి ఎవర్ని దించుకోమనాలి?

నమోదు 305
పగలే తలుపులు, తెరలు మూసి పరీక్ష చేశాను. మంచు పట్టించింది మస్తానమ్మ.

పోయిన వానల్లో కొత్త కెమెరా వచ్చినప్పుడు, సరిచూడటానికి నేను అక్కని నిలబెట్టాను. గేటు నుంచి నాతోపాటు వచ్చింది కాబట్టి, అంతే. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంటే ఒకటే మాటలు.

"ఏందే, ఎనక నుంచి తీస్తున్నావు. మొహం బాలేదా?"

"కదలకు."

"పెళ్లిచూపులకి పంపుతావా ఏంది. మీ బావ ఏడుస్తాడు."

ఆ కొలత నా దగ్గర ఉంది. మెరకపాలెంలో పోయిన వాళ్లలో సొంత వీపు ఉన్న మనిషి అక్క ఒక్కతే.

మస్తానమ్మ కట్ట మీద చాలా ఏళ్లు చేసి, మోకాలు పోయాక పంపు దగ్గరికి వచ్చింది. "ఈ మంచుకయ్యే కరెంటుతో కట్ట మీద ఒక క్రేను నడిచేది గదా వర్చలమ్మా" అని ఎప్పుడూ అనే మాట అని, పంపు తిప్పింది.

అక్క లేచింది. ముఖం నేలకి. వీపు చుక్కలన్నీ తినేసింది కాబట్టి ముఖం దీపంలా రెపరెపలాడుతోంది. ముందు నుంచి చూస్తే కనుబొమల మధ్య ఎముకల వరస. సాంకేతికంగా ఇది ఫెయిల్, అలాగే రాస్తున్నాను. తీసేద్దామని మీట మీద చెయ్యి వేశాను.

మస్తానమ్మ పంపు వదిలేసి బొమ్మ వెనక్కి నడిచింది. గొట్టం ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి అనుకున్నాను. ఆమె చెయ్యి దానంతటది లేచి, వెతుక్కోకుండా, సరిగ్గా ఆ చోట ఆగింది.

"దించుకో" అంది. అని ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. "కావాలని అనలేదమ్మా. చెయ్యే పోయింది."

"మీ ఆయన చుట్టులో చెయ్యి ఎక్కడ పెట్టావు మస్తానమ్మా?"

పంపు దగ్గరికి వెళ్లి, కూర్చుని, మోకాలు చాపుకున్నాక చెప్పింది. "పైన ఎక్కడో పెట్టా. ఈయన ఇంత పొడుగెప్పుడయ్యాడబ్బా అనుకున్నా. ఎనక జనం ఉన్నారు గదా, వచ్చేశా."

నమోదు 306
దైవాధీనం గారికి తెలిసింది. మస్తానమ్మ చెప్పలేదు. ఎంత మంచు ఖర్చయిందో ఆయన రోజూ చూస్తారు.

"తీసెయ్యమ్మాయ్" అన్నారు.

"కొలత నిజమేనండీ."

"అందుకే తీసెయ్యమంటున్నా. ఒక్కరికి అసలు వీపు పెడితే అందరూ చూస్తారు. చూసిన వాళ్లు మర్నాడు తొడుగు వేసుకుంటారా? కట్ట పని ఆగితే నీళ్లు, ఇవి కమిటీ ఇళ్లు, ఇవి మీ ఇళ్లు అని చూసుకుని రావు."

"తొడుగు మూడు కొలతల్లో చేయించొచ్చు గదండీ."

"కమిటీకి చెప్పు."

"మీరు చెప్పండి. ఊరంతా మీ వీపే మోస్తోంది."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "చుట్టు ఎట్లా ఉండాలో చెప్పే హక్కు తల్లిది. మీ అమ్మ పొద్దున వచ్చి నిటారుగా కావాలని చెప్పి వెళ్లింది" అన్నారు.

ఇంటికి వెళ్లాను. అమ్మ బియ్యం ఏరుతోంది. బావ తొడుగు పట్టీకి నూనె రాసుకుంటున్నాడు.

"పదేళ్లు నేల చూసుకుంటా నడిచింది నా బిడ్డ" అంది అమ్మ, నేను నోరు తెరవక ముందే. "ఎదురొచ్చిన వాళ్ల కాళ్లే గానీ మొహాలు చూడలా. ఆ కాసేపన్నా తలెత్తుకోనియ్యవే."

 

"తలెత్తుకుంటే అది అక్క కాదమ్మా" అన్నాను.

"నాకు చాల్లే. నీకే చాలదు. దాన్ని నలుగురిలో వంగదీసి నిలబెట్టి ఎవరి మీదో కసి తీర్చుకోవాలని నీకు. బతికున్నప్పుడు నీ కెమెరాకి పనికొచ్చింది, పోయాక నీ కసికి పనికొస్తంది."

కసి ఉంది. అంతవరకు అమ్మ నన్ను సరిగ్గానే చదివింది. అక్క నాకు పనికొచ్చే వస్తువన్నది మాత్రం తప్పు. నా చేతికి ఒక ఎత్తు అలవాటైంది, అక్కడ గాలి తప్ప ఏమీ లేదు, నాకు కావలసింది ఆ ఎత్తు. అది నోటితో ఎలా చెబుతారో నాకు తెలియదు.

"వర్చలా, నాకింకా చాలా ఏళ్లు కట్ట పని ఉంది" అన్నాడు బావ, పట్టీ మీంచి చూపు ఎత్తకుండా. "పోయిన మనిషి కోసం కమిటీతో గొడవ పెట్టుకోలేను."

"నీ వీపు చూసుకున్నావా బావా ఎప్పుడన్నా?"

"నా ఎనక నాకేం కనపడద్ది" అన్నాడు. నిజమే.

నమోదు 308
గాలి పడిపోయింది. రేపు సాయంత్రం చుట్టు.

చుక్కలు ఎక్కడ దొరుకుతాయో వెతికాను. జరీ అంచు తీసేశాను. తర్వాత చీర నీలం తీసేశాను. మూడు రంగులు ఒకే చుక్క మీద కూర్చోవాలంటే అద్దాలు నెమ్మదిగా కదలాలి, అందుకని అక్కంతా ఒకే తెలుపు. గాజులు తీసేశాను, జడ తీసేశాను, పాదాలు తీసేశాను. నవ్వు తీసేశాను. అది అమ్మ అడిగిన నవ్వు, కెమెరా కొలిచింది కాదు.

కిరణం మూల తిరిగే చోట అద్దం ఒక్క పిసరు వెనకబడుతుంది. దానివల్ల పదునైనవన్నీ గుండ్రమవుతాయి. మా బొమ్మలన్నీ అసలు మనుషుల కంటే మెత్తగా, ఎవరితోనూ ఎప్పుడూ పోట్లాడని వాళ్లలా ఉండటానికి కారణం ఇదే. చుట్టుకి వచ్చిన వాళ్లు "ఎంత ప్రశాంతంగా ఉన్నాడో" అంటారు. అది అద్దం బద్ధకం. అక్క వీపు మధ్య ఎముక దగ్గర ఆ బద్ధకం కుదరదు. అక్కడ అద్దాన్ని ఆపి తిప్పాలి. ఆపినంత సేపూ ముఖం గియ్యడం ఆగాలి. ఆ కాస్త వ్యవధి ముఖం నుంచి తీసుకున్నాను.

అమ్మ అడిగిన వాటిలో ముక్కుపుడక ఒక్కటే ఉంచాను. ఒక్క చుక్కే కదా.

దైవాధీనం గారు పోతూ పోతూ, "మీ అమ్మ చెప్పినట్టే గదా?" అన్నారు. నేను అద్దం తుడుస్తూ ఉండిపోయాను. నా మౌనాన్ని ఆయన తనకి వీలుగా అర్థం చేసుకున్నారు. ఇంట్లో వాళ్లు ఎప్పుడూ చేసేదే.

నమోదు 309
చుట్టు జరిగింది.

చీకటి పడుతుంటే మంచు పట్టించాం. గేటు నుంచి కట్ట వాళ్లు తిన్నగా వచ్చేశారు, ఒంటి మీద మట్టితోనే. లేజర్లు వేశాను. అక్క వంగి నిలబడింది.

దైవాధీనం గారు నా పక్కకి వచ్చారు. లేచిన బొమ్మని మధ్యలో ఆర్పడం అంటే మనిషిని రెండోసారి చంపడం, ఈ ఊళ్లో ఆ పని ఎవరూ చేయరు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయారు.

అమ్మ ముందుకి వెళ్లింది. అక్క ముఖం చూడాలంటే బతికున్నప్పుడు కూడా కింద కూర్చోవాలి. అమ్మ మంచులో చతికిలబడి పైకి చూసింది. పైన తెల్లటి రెపరెప, ముక్కుపుడక ఒక్కటే కదలకుండా ఉంది.

"మొహం ఏదే?" అంది. తర్వాత నా వైపు తిరిగి, అందరి ముందూ, "ఒక్కసారి మొహం తేల్చు వర్చలా. ఒక్కసారి చూసి పోతాను" అంది.

వీపు తగ్గిస్తే ముఖం తేలుతుంది. మీట నా చేతి కిందే ఉంది. నేను తిప్పలేదు.

అమ్మ లేచి, బొమ్మ వెనక్కి వెళ్లకుండానే బయటికి నడిచింది. బావ తల దించుకుని గబగబా చుట్టు తిరిగాడు, ఎటూ చూడకుండా తప్పించుకుందామని. వెనక్కి రాగానే కాళ్లు ఆగాయి. చెయ్యి పెట్టాడు. పెదాలు కదిలాయి, ఏమన్నాడో వినపడలేదు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

చుట్టు తిరగాల్సింది ఇంటివాళ్లే. అయినా కట్ట వాళ్లు వరస కట్టారు. ఒక్కొక్కరు వచ్చి, చెయ్యి పెట్టి, "దించుకో" అని పోతున్నారు. ఒక్క చెయ్యి కూడా వెతుక్కోలేదు. వరసలో ఒకామె, నాకు పేరు తెలియదు, అక్క వీపు మీంచి చెయ్యి తీసి తన వీపు వెనక్కి పోనిచ్చింది. ఎముక ఎక్కడుందో తడుముకోబోయింది. అందలేదు. పక్కామె వైపు తిరిగి, "చూడవే, నాకూ ఇట్టానే ఉందా?" అంది. పక్కామె చూసి, మళ్లీ అక్క వీపు వైపు చూసింది.

అందరూ వెళ్లాక, మంచు పలచబడుతుంటే, నేను వెళ్లాను. మోచేతి ఎత్తులో చెయ్యి పెట్టాను. అక్కడే ఉంది. అనాల్సిన మాట అన్నాను.

నమోదు 310
గాలి గురించి ఇక రాయక్కర్లేదు.

కమిటీ ఆర్డరు వచ్చింది. తొడుగుల గురించి కాదు. ఇకమీదట చుట్టు ఉండదు, దర్శనం ఉంటుంది. లోగిలి నడుమ గోడలాంటి మంచు తెర ఒకటి, దాని మీద ముందువైపు బొమ్మ. జనం తాడుకి ఇవతల నిలబడాలి. వెనక్కి దారి లేదు. ఒక్క లేజర్ చాలు. పల్చని తెరకి గాలి బాధ తక్కువ. వెనకేమీ లేదు కాబట్టి ముఖంలోంచి ఏదీ కనబడదు. చుక్కలన్నీ ముఖానికే, కాబట్టి వణుకు లేదు. నేను కాలేజీలో చదివిన చిక్కులూ, ఇక్కడికొచ్చి నేర్చుకున్న చిక్కులూ ఒక్క ఆర్డరుతో తీరిపోయాయి. జరీ అంచు ఎంత వెడల్పు కావాలంటే అంత.

"నా వీపుకి రిటైర్మెంటమ్మాయ్" అన్నారు దైవాధీనం గారు. నవ్వబోయి, కుర్చీలో ఇటు నుంచి అటు సర్దుకున్నారు. ఆయనకి ఈ మధ్య నడుం నొప్పి. "కమిటీ వాళ్లు మీ అమ్మకి కబురు పెట్టారు. తెర మీద మొదటి దర్శనం మీ అక్కదే. నీలం చీర, నవ్వు మొహం, అన్నీ ఆమె అడిగినట్టు. చేసేది నువ్వే."

ఇంట్లో అమ్మ నాతో మాట్లాడలేదు. పక్కింటావిడతో మాట్లాడింది, గోడ ఇవతల నేనున్నానని తెలిసి. "ఈసారి మొహం సరిగ్గా చూపిస్తారంట. చిన్నదానికి బుద్ధొచ్చినట్టుంది" అంది.

మళ్లీ తప్పు చదివింది.

తెర మీద అక్కని నేను పెట్టను. కొలిచే కెమెరా, ఇక అక్కర్లేని లేజర్ ఒకటి తీసి సంచిలో పెట్టుకున్నాను. రేపు సాయంత్రం కట్ట గేటు దగ్గర, గొళ్లేలు తీసే చోట కెమెరా నిలబెడతాను. బతికున్న వాళ్ల వీపులు కొలుస్తాను. అడిగిన వాళ్లకి వాళ్ల వీపు అక్కడే గోడ మీద వేసి చూపిస్తాను. దానికి మంచు అక్కర్లేదు. కెమెరా తిరిగి ఇవ్వను.